కింద ఏటి రాయాల?

ఆయన పోయిన మూడో రోజు పొద్దున్న వాళ్ళమ్మాయి నాకు ఫోన్ చేసింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఓదార్చడం నాకు రాదు. ఒకసారి ప్రయత్నిస్తే అవతలివాళ్ళే కళ్ళు తుడుచుకుని నన్ను ఊరుకోమన్నారు. కాని ఆ అమ్మాయి ఏడవలేదు. పనిలో ఉన్న గొంతుతో అడిగింది.

"అన్నా, నాన్న ఫ్లెక్సీ చేస్తన్నాను. ఫోటో ఉంది, పేరుంది. కింద ఏటి రాయాలో తెలీడం లేదు."

ఇంటికొస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాను. తెలియక కాదు, తెలుసు కనకనే. పైగా ఆ ప్రశ్న ఆయనది. అనకాపల్లిలో సగం మందిని ఆయన ఆ ప్రశ్న అడిగి ఉంటాడు. పెళ్ళికొడుకుల్ని, వార్డు మెంబర్లని, రిటైరైన హెడ్ కానిస్టేబుళ్ళని, చివరికి మొదటి పుట్టినరోజు చేసుకుంటున్న పసివాళ్ళని కూడా. పసివాడి తరఫున వాళ్ళ నాన్న ఏదో చెప్పబోతే "నువ్వాగవయ్యా, ఆడు సూత్తన్నాడు" అనేవాడు. పసివాడు చూసి చూసి మౌసు నోట్లో పెట్టుకునేవాడు.

బెల్లం మార్కెట్టుకి వెళ్ళే దారిలో ఆయనది ఫ్లెక్సీ షాపు. పేరు రాయడం లేదు. "ముఖం పెద్దది, పేరు సిన్నది" అన్నది ఆయన సిద్ధాంతం. నేను ఇంకో మెట్టు దిగి పేరే తీసేశాను. ముఖం విషయంలో చేయగలిగింది చేస్తాను.

ఫ్లెక్సీలు రాకముందు ఆయన బ్రష్షుతో బోర్డులు రాసేవాడు. ఎరువుల కొట్ల మీద, లారీల వెనకాల, చెరకు బళ్ళ పక్క చెక్కల మీద. కంప్యూటరొచ్చాక బ్రష్షు మారింది గాని చెయ్యి మారలేదు. మౌసుని రెండు వేళ్ళతో, రంగు అంటుకుంటుందేమో అన్నట్టు పట్టుకునేవాడు. ఏదైనా కొలవాలంటే తెర మీద జాన పెట్టి, ఎడమకన్ను మూసి చూసేవాడు. కొలత కంప్యూటరే చూపిస్తోంది కదా మామా అంటే, "దాని కొలత అది సెప్పింది. నా కొలత నేను సూసుకోవద్దేటి?" అనేవాడు.

నేను ఆయన్ని మామా అనేవాణ్ణి. ఆయన నన్ను అల్లుడూ అనేవాడు. వాళ్ళమ్మాయి నన్ను అన్నా అంటుంది. మా ఊళ్ళో చుట్టరికాల్ని ఎవరూ సరిచూసుకోరు. సరిచూసుకుంటే ఎవరూ ఎవరినీ పిలవలేరు.

ఫ్లెక్సీ వేయించుకోడానికి వచ్చినవాడు ఎవడైనా ముందు అడిగేది ఒకటే. "కాస్త తెల్లగా చెయ్యండి." ఆయన వాదించేవాడు కాదు. తల ఊపేవాడు. రంగు మాత్రం ముట్టుకునేవాడు కాదు. తీసుకెళ్ళేటప్పుడు పార్టీ, అంటే ఆర్డరిచ్చినవాడు, గొడవ పెడితే శాంతంగా చెప్పేవాడు. "కట్టండి బాబూ. నాలుగు రోజులు ఎండలో ఉంటే అదే తెల్లబడుద్ది." నిజమే. వారం తిరిగేసరికి జంక్షన్లో అందరూ తెల్లబడేవాళ్ళు. నెల తిరిగేసరికి మాయమయ్యేవాళ్ళు. మా ఊళ్ళో ఫ్లెక్సీ కట్టేవాళ్ళుంటారు గాని విప్పేవాళ్ళుండరు. గాలే విప్పుకోవాలి.

ఆయన కంప్యూటర్లో బంతిపూల దండ ఒకటే ఉండేది. పెళ్ళికీ అదే, పుట్టినరోజుకీ అదే, పదవి వచ్చినవాడికీ అదే, పోయినవాడికీ అదే. వేరే దండ పెట్టొచ్చు కదా అని నేనొకసారి సలహా ఇచ్చాను. "పూలు ఒకటేరా. పైన మాట మారితే సాలు" అన్నాడు.

ఫోటోల దగ్గర మాత్రం ఆయన పట్టు పట్టేవాడు. శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి ఎవరైనా బిగుసుకున్న పాస్‌పోర్టు ఫోటో తెస్తే వెనక్కి పంపేసేవాడు. నవ్వుతున్న ఫోటో కావాలి. పెళ్ళిలోదో, జాతరలోదో, ఏదో ఒకటి. అభినందన ఫ్లెక్సీకి ఇకిలిస్తున్న ఫోటో తెస్తే అదీ వెనక్కే. "బతికున్నోడు కుదురుగా ఉండాల. సచ్చిపోయినోడు నవ్వాల. ఆడికింక పనేటుంది?" ఈ నియమం ఊరందరికీ తెలుసు. దీన్ని ధిక్కరించినవాళ్ళు పక్క వీధి షాపుకి వెళ్ళేవాళ్ళు. ఒత్తులన్నీ ఊడిపోయిన పేర్లతో తిరిగొచ్చేవాళ్ళు.

నాకు ఆయన పరిచయమైంది మా టెన్త్ ఫేర్‌వెల్ ఫ్లెక్సీతో.

ఫేర్‌వెల్ అంటే ఎక్కడికో వెళ్ళిపోతున్నవాళ్ళకి చెప్పే వీడ్కోలని అనుకుంటాం. మా స్కూల్లో అది పరీక్షలకి నెల ముందు జరిగేది. పాసవుతామో లేదో తెలియదు. అయినా నలభై రెండు మందికీ నలభై రెండు గడులు, గడిలో ఫోటో, ఫోటో కింద పేరు, పేరు కింద "భావి" ఏదో ఒకటి. భావి డాక్టర్, భావి ఇంజనీర్. ఆ ఫ్లెక్సీ మొదట ఫేర్‌వెల్ రోజు స్టేజీ మీద ఉంటుంది. తర్వాత జంక్షన్లో స్తంభాలకి కడతారు. ఆ తర్వాత పరీక్షలు.

మా హెడ్మాస్టారు జాబితా తయారుచేసి నా చేతికిచ్చి షాపుకి పంపారు. నన్నే ఎందుకు పంపారంటే, క్లాసులో నేను లేకపోతే పాఠం బాగా జరుగుతుందని. జాబితాలో పద్దెనిమిది మంది డాక్టర్లు, పదిహేను మంది ఇంజనీర్లు, ఏడుగురు కలెక్టర్లు, ఇద్దరు సైంటిస్టులు ఉన్నారు. అనకాపల్లి జిల్లా అయిన మాట నిజమే గాని, జిల్లాకి కలెక్టరు ఒక్కరే ఉంటారని మాస్టారికి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆయన జాబితా మొత్తం చదివాడు. "ఇది ఎవులు సెప్పేరు?"

"మాస్టారండి."

"మాస్టారు డాక్టరవుతారా?"

"కాదండి, వీళ్ళు."

"అయితే ఈల్లనే రమ్మను. ఆల్ల నోటితో ఆల్లు సెప్పాల. అప్పుడు ఏత్తాను."

"ఫోన్లో చెప్పిస్తానండి."

"ఫోన్లో ఎవుడి నోరో నాకెలగ తెలుత్తాది?"

అంచేత మూడు సాయంత్రాలు మా క్లాసు మొత్తం ఆ షాపు ముందు వరస కట్టింది. బెల్లం మార్కెట్టుకి పోయే బళ్ళవాళ్ళు రేషన్ ఇస్తున్నారేమోనని ఆగి మరీ అడిగారు. లోపల ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. దాని ఒక కాలు ఫ్లెక్సీ ముక్కతో కట్టి ఉండేది. అందులో కూర్చోవాలి. ఆయన తెర మన వైపు తిప్పేవాడు. తెర నిండా మన ముఖమే. మొటిమలతో సహా. అప్పుడు అడిగేవాడు. "కింద ఏటి రాయాల?"

అంత పెద్ద ముఖం ఎదురుగా ఉంటే అబద్ధం చెప్పడం కష్టమని నాకు అక్కడే తెలిసింది. నూకరాజు జాబితా ప్రకారం డాక్టరు. కూర్చుని, డాక్టరండి అన్నాడు. ఆయన ఏమీ టైపు చెయ్యకుండా వాడి ముఖం ఇంకొంచెం పెద్దది చేశాడు. వాడు కాసేపు తనని తాను చూసుకున్నాడు.

"బొలెరో అండి" అన్నాడు చివరికి.

"అంటే?"

"కోటవురట్ల నుంచి కూరగాయలు ఏసుకుని తెల్లారగట్ల విశాఖపట్నం ఎల్లాలండి. సొంత బండి మీద."

ఆయన నెమ్మదిగా టైపు చేశాడు. భావి బొలెరో యజమాని. వాడు లేచి వెళ్ళేటప్పుడు చూశాను, రెండంగుళాలు పొడుగు పెరిగినట్టున్నాడు.

నూకరత్నం జాబితాలో కలెక్టరు. కుర్చీలో కూర్చోకముందే చెప్పేసింది. "కరెంటు స్తంభాలెక్కే ఉజ్జోగం."

"ఎత్తంటే బయం లేదా అమ్మా?"

"కిందుంటేనే బయమండి. కిందందరూ సలహాలు సెప్తారు."

మాడుగుల నుంచి బస్సులో వచ్చే కుర్రాడు హల్వా అన్నాడు. చేస్తావా తింటావా అని ఆయన అడిగాడు. వాడు నిజాయితీగా ఆలోచించి, రెండూ అన్నాడు. మూడో సాయంత్రానికి పద్దెనిమిది మంది డాక్టర్లలో నలుగురే మిగిలారు. కలెక్టర్లు ఒక్కరూ మిగల్లేదు. ఇద్దరు సైంటిస్టుల్లో ఒకడు ఇంకా ఆలోచించుకుంటానన్నాడు. అంటే వాడు నిజంగానే సైంటిస్టు అవుతాడని నాకనిపించింది.

చివర్న నా వంతు. నేను కాలుమీద కాలేసుకుని కూర్చుని, "భావి నిరుద్యోగి" అన్నాను.

ఆయన నవ్వలేదు. టైపు చేశాడు. ఎడమకన్ను మూసి జాన పెట్టి కొలిచాడు. "కాయమేనా? జంక్షన్లో కడతారు" అన్నాడు. తెర మీద అంత పెద్ద నా ముఖం కింద ఆ మాట అంత స్పష్టంగా చూసేసరికి నాకు కాలు దిగిపోయింది.

"తీసెయ్యండి మామా."

"మరేటి రాయాల?"

నాకు తెలియలేదు. ఆయన తీసేశాడు. తీసేసి ఏమీ పెట్టలేదు. "కాళీగా ఒగ్గేత్తాను. తెలిసేక వచ్చి సెప్పు. ఫైలెక్కడికీ పోదు."

ఫేర్‌వెల్ రోజున హెడ్మాస్టారు ఆ ఫ్లెక్సీ ముందు చాలాసేపు నిలబడి చదివారు. మైకు దగ్గరికొచ్చి, "మా విద్యార్థులకు స్పష్టత ఉంది" అన్నారు. ఇంకేదో అనబోయి, టిఫిన్లు పెట్టెయ్యమన్నారు. నూకరాజు వాళ్ళ నాన్న మాత్రం చెరకు పని వదిలేసి వచ్చి, కొడుకు గడి ముందు ఫోటో దిగాడు. బొలెరో అన్నమాట మీద వేలుపెట్టి, అది కనబడేలా. ఆ రోజు అందరికంటే ఎక్కువ ఫోటోలు ఆ గడి ముందే పడ్డాయి. రెండోస్థానం నాది. ఖాళీ గడి దగ్గర నిలబడి అందరూ తలో ఊహా చేశారు.

అసలు సంగతి మూడో సాయంత్రమే జరిగింది. నా వంతు అయ్యాక బయటికొచ్చి, సెల్ మరిచిపోయానని మళ్ళీ వెనక్కి వెళ్ళాను. కరెంటు పోయింది. షాపు ముందు వెలుతురులో కుర్చీ వేసుకుని ఆయన పుస్తకం చదువుతున్నాడు. దానికి ఫ్లెక్సీ ముక్కతో అట్ట వేసి ఉంది. అట్ట మీద ఎవరో నాయకుడి సగం ముఖం, ఒక దణ్ణం పెడుతున్న చెయ్యి. లోపల మాత్రం మా టెన్త్ లెక్కల పుస్తకం.

"మామా, నువ్వు ఏ బ్యాచి?" అన్నాను.

పుస్తకం మూసేశాడు. "లోపలికి రా" అన్నాడు.

లోపలికెళ్ళాక చెప్పాడు. చిన్నప్పుడు లెక్కల్లో టెన్త్ తప్పాడు. బ్రష్షు పట్టుకున్నాడు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. కూతుర్ని బళ్ళో వేసేటప్పుడు ఫారం ఇచ్చారు. తండ్రి చదువు అని ఒక గడి ఉంది.

"కాళీగా ఒగ్గీలేకపోయేను అల్లుడూ. ఎస్సెస్సీ అని రాసేను. అప్పట్నుంచీ ప్రతి ఫారంలోనూ అదే రాయాల్సొచ్చింది. ఇప్పటిదాకా. ఊరందరికీ ఆల్ల నోటితో సెప్పిందే ఏత్తాను. నాది నేనే తప్పు రాసుకున్నాను."

అందుకే ఓపెన్ స్కూల్లో పరీక్ష కట్టాడు. అక్కడి ఆయన మంచివాడు. వయసు చూసి జాలిపడి, లెక్కలెందుకండీ, బదులు గృహవిజ్ఞానం తీసుకోండి, తేలిగ్గా అయిపోతుంది అన్నాడట. ఈయన ఒప్పుకోలేదు. "నేను తప్పింది లెక్కలు. వంటింటి పాటం పాసైతే ఆ తప్పెలగ దిద్దుకుంటాది?" మిగతా సబ్జెక్టులన్నీ ఒక్కసారికే అయిపోయాయి. లెక్కలు మాత్రం అప్పటికే ఒకసారి పద్నాలుగు మార్కులతో తిరిగొచ్చాయి.

అలా నేను పదిహేనేళ్ళకే మాస్టార్నయ్యాను. మార్కెట్టు సద్దుమణిగిన మధ్యాహ్నాలు వెళ్ళేవాణ్ణి. నోటిలెక్కలో ఆయన్ని మించినవాడు లేడు. పన్నెండు బై ఎనిమిది అనేలోపు తొంభై ఆరు అనేవాడు. వైశాల్యం, నిష్పత్తి అన్నీ ఆయన రోజూ చేసే పనే. మా యుద్ధమంతా ఎక్స్ దగ్గర.

"ఎక్స్ అనుకుందాం మామా."

"ఎందుకనుకోవాల?"

"తెలీదు కాబట్టి."

"తెలకపోతే పార్టీనడుగు."

"లెక్కలో పార్టీ ఉండడు మామా."

"పార్టీ లేకుండా ఆర్డరెవుడిచ్చేడు?"

రెండు వారాలు ఆయన ఎక్స్ అనుకోడానికి ఒప్పుకోలేదు. ఎవరూ నోటితో చెప్పనిదాన్ని తనంతట తాను అనుకోవడం ఆయన వృత్తిధర్మానికి విరుద్ధం. చివరికి నేను మా క్లాసు ఫ్లెక్సీ ఫైలు తెరిపించి, నా గడి చూపించాను. "ఇదిగో మామా, ఎక్స్ అంటే ఇది. ఇప్పుడు ఖాళీ. చుట్టుపక్కల ఉన్నవన్నీ చూసుకుంటూ వస్తే దీన్లో ఏం పడాలో తెలుస్తుంది. అందాకా గడి మాత్రం ఉంచాలి."

ఆయన ఎడమకన్ను మూసి ఆ గడిని చూశాడు. "ముందే సెప్పొచ్చు కదరా. ఎక్స్ అంటే నువ్వన్నమాట" అన్నాడు. ఆ రోజు నుంచి ఎక్స్ వచ్చిన ప్రతిచోటా నా పేరు తలుచుకుని చేసేవాడు.

అంత చేసినా మార్కులు పందొమ్మిది. మరుసటేడు ఇరవై ఆరు. ఆపై ఏడు ముప్ఫై మూడు. తప్పడంలో కూడా ఆయన క్రమంగా అభివృద్ధి సాధించాడు. ముప్ఫై మూడు వచ్చిన రోజు నేనే ఎక్కువ గోల చేశాను, రీవాల్యుయేషన్ అన్నాను, అన్యాయమన్నాను. ఆయన ఫ్లెక్సీ అంచులకి తాళ్ళ రింగులు కొట్టుకుంటూ విన్నాడు. "రెండు మార్కులే కదా మామా!" అంటే, "రెండంగుళాలు తక్కువైతే ఫ్రేముకి అందదు. లాగితే సిరుగుద్ది. ఇంకోటి ఏసుకోవాల" అన్నాడు. నా నాటకమంతా అక్కడితో చిరిగింది.

పరీక్షకి వెళ్ళిన ప్రతిసారీ ఇంట్లో విశాఖపట్నం వెళ్తున్నానని చెప్పేవాడు, ప్రింటరుకి ఇంకు తేవాలని. అబద్ధం ఒక్కటే ఉంటే బరువనుకునేవాడేమో, సాయంత్రం నిజంగానే ఇంకు సీసాలతో ఇంటికెళ్ళేవాడు. షాపులో చోటు చాలక ఇంట్లో మంచం కింద పెట్టేవాడు.

ఈ ఏడు ఫలితాలొచ్చినప్పుడు నేను డిగ్రీ మొదటి ఏటి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. షాపులోనే నా సెల్లో చూశాను. ముప్ఫై ఏడు.

నేను అరిచాను. ఆయన అరవలేదు. సెల్ తీసుకుని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, జాన ఆనించి కొలిచాడు. "ఇది ఎవులు సెప్పేరు?"

"వెబ్‌సైటు మామా."

"కాయితం వచ్చేక నమ్ముతాను."

నమ్మనన్నవాడు లేచి, పక్కనున్న బెల్లం కొట్టుకి వెళ్ళి, ఇంత బెల్లం ముక్క తెచ్చి నా నోట్లో పెట్టాడు. కొట్టు ఆయన ఏటి బావా విశేషం అని అడిగితే, "నా పనైపోయింది బావా. ఇంక ప్రశాంతం" అన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో తర్వాత చిక్కొచ్చింది.

అమ్మాయికి చెప్పు మామా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "మెమో సేతికొచ్చేక నా నోటితో నేనే సెప్తాను. నువ్వు సెప్పకు." ఒట్టు వేయించుకున్నాడు. మూడు వారాలకి మెమోలొచ్చాయని, సోమవారం వచ్చి సంతకం పెట్టి తీసుకోమని కబురొచ్చింది. శనివారం మధ్యాహ్నం షాపులో కుర్చీలో కూర్చునే పోయాడు. గుండె. ఆస్పత్రి పక్క వీధిలోనే ఉంది గాని ఆయన ఎవరినీ పిలవలేదు.

ఫోన్ వచ్చిన సోమవారం అదే. నేను వాళ్ళింటికి వెళ్ళాను. వరండా నిండా జనం. మధ్యలో బెల్లం కొట్టు ఆయన వర్ణిస్తున్నాడు.

"ముందే తెలుసుకున్నాడండి మహానుభావుడు. మొన్ననే కదా నాతో, నా పనైపోయింది బావా, ఇంక ప్రశాంతం అన్నాడు. యోగులకే తెలుత్తాదండి అది. తన ఫ్లెక్సీ తనే తయారుసేసి పెట్టుకున్నాడు!"

ఫ్లెక్సీ మాట నాకు అర్థం కాలేదు. లోపల వాళ్ళమ్మాయి లాప్‌టాప్ ముందు ఉంది. రాత్రిళ్ళు ఆయన ఇంట్లో పని చేసుకునే ఆ లాప్‌టాప్‌లోనే ఒక ఫైలు దొరికిందట. తెరిచి చూపించింది. బంతిపూల దండ. దండలో ఆయన, కింద పేరు. పైన మాట లేదు, పేరు కింద మాట లేదు. ఫైలు పేరు ఫైనల్.

"ఫైనల్ అని కూడా పెట్టుకున్నాడన్నా" అంది. "తెలిసుండి నాతో ఒక్క మాట అనలేదు. నాకంత గుండె లేదనుకున్నాడా? ఇక్కడే కూర్చుని, ఈ దండ తనే వేసుకుని, ఏటి అనుకున్నాడో. పక్క గదిలోనే ఉన్నాను కదన్నా నేను."

నాకు ఓదార్చడం రాదని ముందే చెప్పాను. పైగా ఒట్టు ఒకటి ఉంది. ఆయన నోటితో ఆయనే చెప్పాల్సిన మాట అది. ఆ నోరు ఇప్పుడు లేదు. నేను చెబితే, తండ్రి ముందుచూపున్న యోగి కాదని తేలుతుంది. అంతేకాదు, ఆ అమ్మాయి చదువుకున్న ఇన్నేళ్ళ ఫారాల్లోనూ అబద్ధం ఉందని తేలుతుంది. చెప్పకపోతే, ఆ అమ్మాయి బతికినన్నాళ్ళూ ఈ గదిలోనే కూర్చుని ఉంటుంది.

ఫైనల్ సంగతి తేలిక. ఆయన కంప్యూటర్లో మా ఊరి సగం పెళ్ళిళ్ళు ఫైనల్ పేరుతోనే ఉన్నాయి. కాని నాకు కావలసిన సాక్ష్యం ఫోటోలోనే ఉంది. ఆయన అందులో నవ్వడం లేదు. ఇస్త్రీ చొక్కా, తలకి నూనె, బిగించిన పెదవులు.

"ఫోటో చూడమ్మా. నవ్వుతున్నాడా?"

చూసింది. ఆ నియమం ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లకి నేను చెప్పనక్కర్లేదు. తెర మీద ఆ పెదవుల దగ్గర వేలు పెట్టి అంది. "ఇది బతికున్నోళ్ళ ఫోటో."

"మరి? ఇది పోయినవాడికి వేసింది కాదు. అభినందన ఫ్లెక్సీ."

"దేనికి?"

"టెన్త్ పాసైనందుకు."

నన్ను వింతగా చూసింది. "నాన్న టెన్త్ ఎప్పుడో పాస్ కదా. నా ఫారాల్లో…" అని ఆగింది. నేను మొదటి ఫారం నుంచి మొదలుపెట్టి బెల్లం ముక్క దాకా చెప్పాను. ఒక్క జోకు కూడా వెయ్యకుండా చెప్పడం నా జీవితంలో అదే మొదటిసారి. గృహవిజ్ఞానం దగ్గర మాత్రం తప్పలేదు.

చెప్పడం అయ్యేసరికి గుమ్మంలో వాళ్ళమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు.

"పాసయ్యేడా?" అంది.

మేమిద్దరం తల తిప్పి చూశాం. "నీకు తెలుసా అమ్మా?" అంది కూతురు.

"సొక్కాలు ఉతికేది నేను కదా. ఏటేటా జేబులో హాల్టికెట్టుండేది. తడవకుండా తీసి ఆరేసి మల్లీ పెట్టేసేదాన్ని. తన నోటితో తనే సెప్తాడని సూసేను." నా వైపు తిరిగి అడిగింది. "ఎన్నొచ్చేయి బాబూ?"

"ముప్ఫై ఏడు పిన్నీ."

ఆవిడ తల ఊపింది. తన లెక్కతో సరిపోయినట్టు. కూతురు వంగి మంచం కింద చూసింది. ఐదేళ్ళ ఇంకు సీసాలు, మూత తీయనివి, గోడ వారనే వరసగా ఉన్నాయి. "అందుకా ఇంత ఇంకు!" అని నవ్వింది. మూడో రోజు ఇంట్లో నవ్వు వినపడితే వరండాలోని పెద్దవాళ్ళు తలలు తిప్పి చూశారు. బెల్లం కొట్టు ఆయన కథ మధ్యలో ఆగిపోయింది.

వారం తర్వాత ఆ అమ్మాయీ నేనూ వెళ్ళి మెమో తెచ్చాం. అక్కడి క్లర్కు, సొంతదారే సంతకం పెట్టాలన్నాడు. సంగతి చెబితే లేచి నిలబడ్డాడు. ఆ అమ్మాయి పెద్దకర్మ కోసం నవ్వుతున్న ఫోటోతో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఒకటి ఇంటి ముందు కట్టించింది. ఆయన చేసిపెట్టుకున్న ఫైలుని కూడా ప్రింటు తీసింది. రంగు ముట్టుకోలేదు, ఫోటో మార్చలేదు. పైన మాట పెట్టలేదు. కింద మాత్రం రాసింది. "పదో తరగతి పాస్. లెక్కలు 37."

మార్కులెందుకు, పాస్ అంటే చాలదా అన్నాను.

"ఆయన నోటితో చెప్తే ఇలగే చెప్పేవాడు" అంది.

దాన్ని జంక్షన్లో కట్టాం. అక్కడ ఈ ఏడు టెన్త్ వాళ్ళ ఫేర్‌వెల్ ఫ్లెక్సీ ఫిబ్రవరి నుంచీ వేలాడుతోంది. ఆయన వేసినదే. ఒక మూల తాడు ఊడింది. ఎండకి పిల్లలందరూ అప్పటికే సగం తెల్లబడ్డారు. దాని పక్క స్తంభమే ఖాళీగా ఉంటే ఆయన్ని అక్కడ కట్టాం. ఊడిన తాడు కూడా బిగించాం.

బెల్లం కొట్టు ఆయన స్కూటరాపి చదివాడు. రెండుసార్లు చదివాడు.

"అయితే ఆ పనైపోయిందన్నది ఇదా? యోగి కాదా?"

"కాదండి. టెన్త్."

ఆయనకి కాస్త నిరాశగానే ఉంది. యోగికి పక్క కొట్టువాడిగా పదిరోజులు గౌరవంగా గడిపాడు పాపం. వెళ్ళబోతూ మళ్ళీ వెనక్కి తిరిగి, రెండు ఫ్లెక్సీలనీ ఇటునుంచి అటు చూశాడు. నేనూ చూశాను. వరసకి ఏడుగురు చొప్పున పిల్లలు. భావి నర్సు, భావి క్రికెటరు, భావి పోలీసు, భావి టీచరు. ఒకమ్మాయి కింద ఖాళీ.

ఆ జంక్షన్లో అంతమంది ఉన్నారు గాని, పేరు కింద "భావి" లేకుండా మాట ఉన్నది ఆయనొక్కడికే.